ఆల్‌డే ఈవెంట్ అమెరికాలో ఒక రోజు ముందే కనిపించడం: కారణం, మరమ్మతు

మీరు అడిగినవి మూడు. సంఘం క్యాలెండర్‌లో 2025 ఆగస్టు 27న వినాయక చవితిని ఆల్‌డే ఈవెంట్‌గా, అంటే సమయం లేని రోజంతా కార్యక్రమంగా పెడితే హైదరాబాద్‌లో 27నే కనిపిస్తోంది, డాలస్‌లో ఉన్న సభ్యులకు మాత్రం 26న కనిపిస్తోంది. భోగి నుంచి ముక్కనుమ దాకా, అంటే జనవరి 13 నుంచి 16 వరకు పెట్టిన కార్యక్రమం ఐసీఎస్ ఫైలుగా (క్యాలెండర్లు ఈవెంట్లు ఇచ్చిపుచ్చుకునే ఫైలు) ఫోన్లోకి దించుకుంటే 15తోనే ఆగిపోతోంది. ఉగాదికి ఏటా వచ్చేలా రిపీట్ ఎలా పెట్టాలో తేలడం లేదు. మొదటి రెండూ కోడ్‌లో తప్పులు, రెండూ వేర్వేరు తప్పులు. మూడోది తప్పు కాదు, రిపీట్ రూలు మన పంచాంగానికి సరిపోకపోవడం.

మొదటిదానికే ఎక్కువ చోటు ఇస్తాను, ఎందుకంటే అది సరిగా అర్థమైతే మిగతా సగం పని అయిపోతుంది. ఉదయం 10 గంటల జూమ్ మీటింగ్ ఒక క్షణం. అది భూమ్మీద అందరికీ ఒకేసారి వస్తుంది, గోడ గడియారంలో అంకెలే వేరు. ‘ఆగస్టు 27’ అలాంటిది కాదు. అది హైదరాబాద్‌లో ముందు మొదలవుతుంది, డాలస్‌లో పదిన్నర గంటల తర్వాత మొదలవుతుంది, అయినా రెండు చోట్లా దాని పేరు ఆగస్టు 27నే. క్షణానికి టైమ్‌జోన్ మార్పిడి కావాలి. తేదీకి ఆ మార్పిడి తగిలిందంటే అది చెడిపోయినట్టే. మీ కోడ్‌లో ఎక్కడో ఒక చోట తేదీ క్షణంగా మారుతోంది, మళ్లీ ఇంకో టైమ్‌జోన్‌లో తేదీగా మారి బయటికి వస్తోంది.

ఎక్కడ మారుతోందో కనిపెట్టడానికి డేటాబేస్‌లో పడిన విలువను, ఏపీఐ (యాప్ సర్వర్‌తో మాట్లాడే దారి) పంపే జేసన్‌లోని (ఆ డేటా రాసే రూపం) విలువను ఏ సాఫ్ట్‌వేరూ సర్దకముందు ఉన్నది ఉన్నట్టు చూడండి. అక్కడ ఆగస్టు 26, 18:30 యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయం, మనకన్నా అయిదున్నర గంటలు వెనక) అని ఉంటే, ఎవరో భారత కాలమానంలో అర్ధరాత్రిని యూటీసీకి మార్చారన్న మాట. ఆగస్టు 27, 00:00 యూటీసీ అని ఉంటే, తేదీని నేరుగా యూటీసీ అర్ధరాత్రిగా చదివారన్న మాట. రెండో రకం మన దగ్గర పట్టుబడదు. యూటీసీ అర్ధరాత్రి మనకు అదే రోజు తెల్లవారి 5:30 అవుతుంది, తేదీ 27గానే ఉంటుంది. డాలస్‌లో అదే క్షణం 26 సాయంత్రం 7 గంటలు. గ్రీనిచ్‌కు తూర్పున కూర్చుని టెస్ట్ చేసేవాళ్లకు ఈ బగ్ ఎన్నేళ్లయినా కనిపించదు, పడమట ఉన్న ప్రతి యూజర్‌కూ మొదటి రోజే కనిపిస్తుంది. మీ లక్షణాలు అచ్చంగా ఇవే. మొదటి రకమైతే డాలస్‌లో ఈవెంట్ 26 మధ్యాహ్నం 1:30కి మొదలై 27 మధ్యాహ్నం 1:30కి ముగిసి, రెండు రోజుల మీదా పరుచుకుని కనిపించేది.

అన్నిటికన్నా ఎక్కువగా దొరికే నేరస్థలం బ్రౌజర్. జావాస్క్రిప్ట్‌లో డేట్ కన్‌స్ట్రక్టర్‌కు ‘2025-08-27’ అని తేదీ ఒక్కటే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. అదే స్ట్రింగ్ చివర సమయం తగిలించి, జోన్ ఏదీ రాయకుండా ఇస్తే లోకల్ సమయంగా తీసుకుంటుంది. ఇది బగ్ కాదు, ఆ భాష స్పెసిఫికేషన్‌లో రాసి ఉన్న నియమం. కాబట్టి తేదీని డేట్ ఆబ్జెక్ట్‌లో పెట్టనే వద్దు. స్ట్రింగ్‌గానే తీసుకోండి, హైఫన్ దగ్గర విడగొట్టి సంవత్సరం, నెల, రోజు అంకెలుగా వాడండి. జావాస్క్రిప్ట్‌లో కొత్తగా వచ్చిన టెంపోరల్ అందుబాటులో ఉంటే, అందులోని ప్లెయిన్‌డేట్ సరిగ్గా ఈ పనికోసమే ఉంది.

తిరుగు దారిలో ఇంకో గుంట ఉంది. లోకల్ అర్ధరాత్రి ఉన్న డేట్ ఆబ్జెక్ట్‌ను టుఐఎస్‌ఓస్ట్రింగ్‌తో (సమయాన్ని యూటీసీలో రాసిచ్చే ఫంక్షన్) మార్చి మొదటి పది అక్షరాలు కోసుకోవడం చాలా కోడ్‌లో కనిపిస్తుంది. హైదరాబాద్‌లో అది నడిపితే 27 కాస్తా 26 అవుతుంది.

సర్వర్ వైపు కూడా ఊరికే వదిలేయకండి. కాలమ్‌ను డేట్ టైపుగా పెట్టి ‘మాది సురక్షితం’ అనుకునేవాళ్లే ఎక్కువగా ఇక్కడ జారిపడతారు. నోడ్‌లో (సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపేది) పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డ్రైవర్ డేట్ కాలమ్‌ను చదివి సర్వర్ లోకల్ అర్ధరాత్రితో డేట్ ఆబ్జెక్ట్ చేసి ఇస్తుంది. దాన్ని జేసన్‌గా మార్చగానే అది యూటీసీ అవుతుంది. మీ ల్యాప్‌టాప్ భారత కాలమానంలో ఉంటే ముందు రోజు 18:30 వస్తుంది, క్లౌడ్ సర్వర్ యూటీసీలో ఉంటే అదే రోజు 00:00 వస్తుంది. ‘నా దగ్గర ఒకలా, ప్రొడక్షన్‌లో ఇంకోలా’ అనే మాటకు సగం సార్లు మూలం ఇదే. ఆ డ్రైవర్‌లో డేట్ టైపు నంబర్ 1082. దానికి టైప్ పార్సర్ (విలువను చదివే ఫంక్షన్) పెట్టి స్ట్రింగ్‌ను యథాతథంగా వెనక్కిచ్చేలా చేయండి. మైఎస్‌క్యూఎల్ వాడితే డేట్‌స్ట్రింగ్స్ ఆప్షన్ ఆన్ చేయాలి. జావాలో పాత ఎస్‌క్యూఎల్ డేట్ క్లాసును పక్కనపెట్టి లోకల్‌డేట్‌గా చదవండి. పైథాన్‌లో వేరే చిక్కు: డేట్‌టైమ్ అనేది డేట్‌కు సబ్‌క్లాస్. ‘ఇది డేట్ అవునా?’ అని ముందు అడిగితే సమయం ఉన్న ఈవెంట్ కూడా అవునంటుంది, అన్నీ ఆల్‌డే అయిపోతాయి. డేట్‌టైమ్ అవునా కాదా అన్నది ముందు చూసి, కాకపోతేనే డేట్ కోసం చూడాలి.

టేబుల్ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది: ఆల్‌డే ఈవెంట్‌కూ సమయం ఉన్న ఈవెంట్‌కూ వేర్వేరు కాలమ్‌లు పెట్టండి. ఒక జత డేట్ టైపు, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ. రెండో జత టైమ్‌జోన్ ఉన్న టైమ్‌స్టాంప్ టైపు, పక్కన ‘ఏషియా/కోల్‌కతా’ లాంటి జోన్ పేరు. ప్రతి వరుసలో ఏదో ఒక జతే నిండాలని చెక్ కన్‌స్ట్రెయింట్ (డేటాబేస్ తానే పాటింపజేసే షరతు) రాయండి. ఒకే టైమ్‌స్టాంప్ జత పెట్టి పక్కన ఆల్‌డే అనే అవును-కాదు గడి పెట్టే పద్ధతి ముచ్చటగా కనిపిస్తుంది కానీ, ఆ గడిని చూడటం మరిచిపోయే క్వెరీ ఒకటి ఎప్పుడో ఒకప్పుడు రాస్తారు. వేరు కాలమ్‌లుంటే అలాంటి క్వెరీలో విలువే దొరకదు, తప్పు వెంటనే బయటపడుతుంది.

మధ్యాహ్నం 12 యూటీసీగా భద్రపరిస్తే ఎటు మార్చినా తేదీ మారదు అనే చిట్కా మీకు ఎవరైనా చెప్పవచ్చు. భారత్, అమెరికా వరకు అది నిలబడుతుంది. ఆక్లాండ్‌లో యూటీసీ మధ్యాహ్నం మరుసటి రోజు అర్ధరాత్రి అవుతుంది, వాళ్ల వేసవిలో అయితే ఒంటి గంట. న్యూజిలాండ్‌లో ఒక్క సభ్యుడు చేరినా ఆ చిట్కా కూలిపోతుంది.

ఇక సంక్రాంతి ఫైలు. ఐసీఎస్ ఫైళ్లకు ఆధారమైన ఐక్యాలెండర్ ప్రమాణం, అంటే 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5545 ప్రకారం, ముగింపు విలువ ఈవెంట్‌లో కలవదు. 13 నుంచి 16 వరకు నాలుగు రోజులూ ఉండాలంటే ముగింపుగా 17 రాయాలి. మీ ఫైల్‌లో 16 ఉంది, అందుకే కనుమతో ఆగి ముక్కనుమ రాలిపోయింది. ఈ పద్ధతి మొదట వింతగా అనిపిస్తుంది కానీ లెక్కలన్నీ దానితోనే తేలికవుతాయి. 17లోంచి 13 తీస్తే 4, ఎన్ని రోజులో అంతే. ఒక నెలలో కనిపించాల్సిన ఈవెంట్లు కావాలంటే ‘ప్రారంభం నెల చివరి హద్దు కన్నా ముందు, ముగింపు నెల మొదటి హద్దు తర్వాత’ అన్న రెండు షరతులు చాలు, హద్దులు కూడా ఇదే పద్ధతిలో, అంటే జనవరికి జనవరి 1, ఫిబ్రవరి 1. పోస్ట్‌గ్రెస్‌లోని డేట్‌రేంజ్ టైపు కూడా లోపల ఇదే రూపంలో సర్దుకుంటుంది.

మనుషులకు మాత్రం 17 చూపించకూడదు. ఫారంలో యూజర్ 13, 16 అనే రాస్తారు. ఒకటి కలపడం, ఒకటి తీయడం అనే పని ఒక్క చోటే జరగాలి: ఫారం విలువలు లోపలికి తీసుకునేటప్పుడు ఒక ఫంక్షన్, స్క్రీన్ మీద చూపేటప్పుడు దాని జోడీ. డేటాబేస్, ఏపీఐ, ఐసీఎస్ అన్నీ లోపలి రూపమే వాడాలి. ఈ క్రమశిక్షణ లేకపోతే ఒకరు ఫ్రంటెండ్‌లో ఒకటి కలుపుతారు, ఇంకొకరు ఎక్స్‌పోర్ట్‌లో మళ్లీ కలుపుతారు, యూజర్ ఈవెంట్ తెరిచి సేవ్ నొక్కిన ప్రతిసారీ అది ఒక్కో రోజు పెరుగుతూ పోతుంది. అది కనిపిస్తే కారణం వెతకనక్కర్లేదు, రెండు చోట్ల కలుపుతున్నారు.

రోజు కలపడం అంటే 86,400 సెకన్లు కలపడం కాదని కూడా గుర్తుపెట్టుకోండి. మనకు డేలైట్ సేవింగ్ (వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం) లేదు కాబట్టి ఇక్కడ తేడా తెలియదు. అమెరికాలో ఎక్కువ భాగంలో మార్చి రెండో ఆదివారం 23 గంటలే, నవంబర్ మొదటి ఆదివారం 25 గంటలు. సెకన్లు కలిపితే నవంబర్‌లో అదే తేదీ రెండుసార్లు వస్తుంది.

ఫైల్ రాసేటప్పుడు డీటీస్టార్ట్‌కు (ప్రారంభం) ‘వాల్యూ=డేట్’ పారామీటర్ పెట్టి, విలువగా 20250113 అని ఎనిమిది అంకెలే రాయాలి. డీటీఎండ్‌కు (ముగింపు) కూడా అదే పారామీటర్, విలువ 20250117. సమయం ఉండకూడదు, చివర జెడ్ (యూటీసీ గుర్తు) ఉండకూడదు, టీజెడ్‌ఐడీ (జోన్ పేరు) ఉండకూడదు. ఒక్క రోజు ఈవెంట్‌కు డీటీఎండ్ రాయకపోయినా ఒక రోజుగానే లెక్క, కానీ రాయడమే మేలు. ప్రారంభం, ముగింపు రెండూ ఒకే తేదీగా రాయడం ప్రమాణానికి విరుద్ధం. కొన్ని యాప్‌లు సర్దుకుంటాయి, కొన్ని ఈవెంట్‌ను పారేస్తాయి.

ఇతర సేవలకు పంపుతున్నారు కాబట్టి వాటి తీరు కూడా. గూగుల్ క్యాలెండర్ ఏపీఐలో ఆల్‌డే అయితే స్టార్ట్ లోపల డేట్ ఫీల్డ్, సమయం ఉంటే డేట్‌టైమ్ ఫీల్డ్. ముగింపు ఇక్కడ కూడా మరుసటి రోజే. మైక్రోసాఫ్ట్ గ్రాఫ్‌లో ఈజ్‌ఆల్‌డే పెడితే ప్రారంభం, ముగింపు రెండూ ఒకే టైమ్‌జోన్‌లో సరిగ్గా అర్ధరాత్రి అయి ఉండాలి, లేకపోతే ఒప్పుకోదు. అంటే అక్కడ ఆల్‌డే ఈవెంట్‌కు కూడా ఒక టైమ్‌జోన్ అంటుకుని ఉంటుంది. చదివేటప్పుడు ఆ జోన్‌లోనే తేదీ తీసుకోండి, ముందు యూటీసీకి మార్చి తర్వాత తీసుకోవద్దు. ఆండ్రాయిడ్ ఫోన్లోని క్యాలెండర్ ప్రొవైడర్‌లో ఆల్‌డే ఈవెంట్‌ను యూటీసీ అర్ధరాత్రిగా, జోన్ యూటీసీగా రాయాలి, మళ్లీ యూటీసీలోనే చదవాలి. ఫోన్ జోన్‌లో చదివితే పైన చెప్పిన డాలస్ కథే పునరావృతం.

తేదీని క్షణంగా మార్చక తప్పని చోట్లు మూడే. ‘ఈ రోజు ఏముంది’ అని చూపేటప్పుడు ఈ రోజు అంటే చూసేవారి జోన్‌లో ఈ రోజు, సర్వర్ జోన్‌లో కాదు. రిమైండర్ కూడా అందుకునేవారి అర్ధరాత్రి నుంచి లెక్కించాలి. ఐసీఎస్‌లో ముందు రోజు ఉదయం 9కి మోగాలంటే ట్రిగ్గర్ మైనస్ 15 గంటలు, పండుగ రోజే ఉదయం 9కి అంటే ప్లస్ 9 గంటలు. ‘15 నిమిషాల ముందు’ అన్న మామూలు డిఫాల్ట్‌ను ఆల్‌డే ఈవెంట్లకు కూడా వదిలేస్తే రాత్రి 11:45కి ఫోన్ మోగుతుంది, మర్నాటికి సగం మంది మీ క్యాలెండర్‌ను తీసేస్తారు. మూడోది ఖాళీ-బిజీ లెక్క, అక్కడ ఆ క్యాలెండర్ యజమాని జోన్ వాడాలి. పండుగలకు ట్రాన్స్‌పరెంట్ (ఖాళీ), సెలవులకు ఒపేక్ (బిజీ) అని రాయండి. ఏమీ రాయకపోతే ప్రమాణం ప్రకారం ఒపేక్ అవుతుంది, చవితి నాడు అందరూ రోజంతా బిజీ అని తేలుతుంది. ఈ మూడు చోట్లా ‘రోజు ప్రారంభం’ ఇచ్చే లైబ్రరీ ఫంక్షన్‌నే వాడండి, 00:00 అని చేత్తో కట్టకండి. కైరోలో ఏప్రిల్ చివరి శుక్రవారం గడియారం 00:00 నుంచి ఒంటి గంటకు దూకుతుంది, ఆ రోజుకు అర్ధరాత్రే లేదు.

రిపీట్ ఈవెంట్లలో ఒక్క నియమం చాలు: డీటీస్టార్ట్ తేదీ రూపంలో ఉంటే అన్‌టిల్ (రిపీట్ ఆగే తేదీ), ఎక్స్‌డేట్ (రద్దయిన తేదీ), రికరెన్స్‌ఐడీ (వరుసలో మార్చిన ఒక రోజు గుర్తు) అన్నీ తేదీ రూపంలోనే ఉండాలి. ఎక్స్‌డేట్‌ను సమయంతో రాస్తే అది దేనితోనూ సరిపోలదు, రద్దు చేసిన రోజు క్యాలెండర్‌లో అలాగే ఉండిపోతుంది. ఫిబ్రవరి 29 పుట్టినరోజును ఏటా రిపీట్ పెడితే 2024 తర్వాత మళ్లీ 2028లోనే వస్తుంది, ఎందుకంటే లేని తేదీని నియమం దాటేస్తుంది. ఏటా రావాలంటే బైమంత్ 2, బైమంత్‌డే మైనస్ 1 అని రాయండి. ఫిబ్రవరి ఆఖరు రోజు అని దాని అర్థం, లీపు సంవత్సరంలో 29, మిగతా ఏళ్లలో 28.

ఉగాదికి మాత్రం రిపీట్ పెట్టకండి. 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఏ రిపీట్ రూలూ దీన్ని పట్టుకోలేదు. తేదీల పట్టీని ఆర్‌డేట్‌గా ఇవ్వవచ్చు, ప్రమాణంలో ఉంది. కానీ ప్రతి ఏడాదికీ విడి ఈవెంట్, ‘ఉగాది-2026’ లాంటి విడి యూఐడీ (ఈవెంట్ గుర్తింపు) పెట్టడమే నాకు నచ్చిన దారి. ఒక ఏడాది తేదీ సరిచేయాల్సి వస్తే మిగతావాటిని కదపనక్కర్లేదు, ఆర్‌డేట్ సరిగా చదవని యాప్‌ల బెడదా ఉండదు. తిథి ప్రకారం చేసే పుట్టినరోజులకూ, తద్దినాలకూ ఇదే పద్ధతి: పంచాంగం చూసి రాబోయే అయిదారేళ్లకు తేదీలు నింపుకోవాలి.

ఇక్కడ డాలస్ సభ్యులకు సంబంధించిన అసలు సంగతి ఒకటుంది. ఉగాది ఏ రోజన్నది ఆ ఊరి సూర్యోదయానికి పాడ్యమి ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. కాబట్టి కొన్ని ఏళ్లలో అమెరికాలో పండుగ నిజంగానే ఒక రోజు ముందు పడుతుంది. అది టైమ్‌జోన్ మార్పిడితో దొరికేది కాదు, అక్కడి పంచాంగం నుంచి తీసుకోవాల్సిన వేరే తేదీ. భారత్‌కు ఒక ఫీడ్ (లింకుతో చేరే క్యాలెండర్), అమెరికాకు ఇంకో ఫీడ్ పెట్టండి. బగ్ వల్ల ముందు పడిన తేదీకీ, పంచాంగం వల్ల ముందు పడిన తేదీకీ తేడా తెలియక ‘అమెరికా కదా, ఒక రోజు తీసేద్దాం’ అని కోడ్‌లో రాసుకుంటే ఆ క్యాలెండర్‌ను ఇక ఎవరూ బాగుచేయలేరు.

ఆల్‌డేగా పెట్టకూడనివీ ఉన్నాయి. దరఖాస్తు గడువు ‘జులై 31’ అంటే భారత కాలమానం ప్రకారం రాత్రి 11:59. డాలస్‌లో అది 31 మధ్యాహ్నం 1:29. దాన్ని ఆల్‌డేగా చూపిస్తే అక్కడి మనిషి సాయంత్రం తీరిగ్గా కూర్చుని దరఖాస్తు తెరుస్తాడు, అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది. గడువులు, హైదరాబాద్ నుంచి రోజంతా సాగే ప్రత్యక్ష ప్రసారాలు సమయంతో, జోన్‌తో పెట్టాలి.

ఇప్పటికే ఉన్న డేటాను మార్చేటప్పుడు బ్యాకప్ తీసుకుని, ఆల్‌డే వరుసలను యూటీసీ సమయాన్ని బట్టి గుంపులు చేయండి. 00:00 ఉన్నవాటికి యూటీసీ తేదీనే తీసుకోండి. 18:30 ఉన్నవాటిని ఏషియా/కోల్‌కతాలోకి మార్చి తేదీ తీసుకోండి. 05:00, 06:00 ఉన్నవి అమెరికా సెంట్రల్ సభ్యులు పెట్టినవి కావచ్చు, కానీ వేసవిలో 06:00 మౌంటెన్ జోన్ అర్ధరాత్రి కూడా అవుతుంది, కాబట్టి వాటిని ఈవెంట్ పెట్టినవారి ప్రొఫైల్‌లోని జోన్‌తో సరిచూసి మార్చండి. ముగింపు 23:59 రూపంలో ఉన్నవి, అంటే యూటీసీలో 18:29 లాంటివి, చివరి రోజును కలుపుకున్నవి, వాటికి తేదీ తీశాక ఒకటి కలపాలి. ఏ గుంపులోనూ పడని వరుసలు కొన్ని మిగులుతాయి. వాటిని స్క్రిప్టుకు వదలకుండా చేత్తో చూడండి.

మార్చాక ఆగస్టు 27 ఈవెంట్ ఒకటి, నాలుగు రోజుల సంక్రాంతి ఒకటి, నవంబర్ మొదటి ఆదివారం దాటే ఈవెంట్ ఒకటి పెట్టి, టీజెడ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను (ప్రోగ్రాం ఏ జోన్ వాడాలో చెప్పేది) మారుస్తూ అవే టెస్టులు నాలుగు జోన్లలో నడపండి: ఏషియా/కోల్‌కతా, అమెరికా/షికాగో, పసిఫిక్/ఆక్లాండ్, పసిఫిక్/పాగోపాగో. డాలస్‌కు విడిగా జోన్ పేరు ఉండదు, షికాగోదే వాడాలి. బ్రౌజర్ కోసం క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ ట్యాబ్ తెరిచి లొకేషన్ మారిస్తే టైమ్‌జోన్ కూడా మారుతుంది.

సరిచేసిన ఫీడ్‌లో యూఐడీలు పాతవే ఉంచి సీక్వెన్స్ (మార్పుల సంఖ్య) ఒకటి పెంచండి. యూఐడీ మారితే పాత తప్పు తేదీ, కొత్త సరైన తేదీ రెండూ పక్కపక్కనే కనిపించే ప్రమాదం ఉంది. ఫీడ్ లింకుతో సబ్‌స్క్రయిబ్ చేసినవాళ్లకు దానంతటదే సర్దుకుంటుంది, కొన్ని గంటలు పట్టవచ్చు. ఫైల్ దించుకుని ఇంపోర్ట్ చేసుకున్నవాళ్ల ఫోన్లలో మాత్రం పాతది అలాగే ఉంటుంది. వాళ్లకు ఆ ఈవెంట్లు తీసేసి లింకుతో మళ్లీ చేరమని సందేశం పంపాలి, వేరే దారి లేదు.